బ్యాటు బాబాయ్

పిడుగురాళ్లలో బ్యాటు బాబాయ్ ఎవరంటే షటిల్ ఆడే కుర్రాళ్లంతా చెబుతారు. ఎట్టా ఆడతాడని మాత్రం అడక్కండి. ఆడటం ఒక విద్య, బ్యాటు ఎంచటం ఇంకో విద్య. ఆయన రెండోదాంట్లో ఆరితేరినవాడు. ఇలాంటి బాబాయ్ ఊరికొకడు ఉంటాడు. నరసరావుపేటలో అయితే ఎల్‌ఐసీ ఏజెంటు అయ్యుంటాడు, సత్తెనపల్లిలో లెక్కల మాస్టారు అయ్యుంటాడు. మా ఊరాయన పత్తీ మిర్చీ కొంటాడు.

సరుకు దగ్గర ఆయన్ని మోసం చెయ్యటం బ్రహ్మతరం కాదు. పత్తి గుప్పెట్లోకి తీసుకుని నాలుగు పోగులు లాగితే పింజ సంగతి తేలిపోవాల్సిందే. తేమ 8 శాతం దాటితే ధరలో కోత. 12 దాటితే, ‘ఆరబెట్టి తీసుకురా అబ్బాయ్’. మిర్చి టిక్కీలో మోచేతిదాకా చెయ్యి పెట్టి తేజా రకమో, 334 రకమో, తాలు ఎంత కలిపారో చెప్పేస్తాడు. అమ్మేవాడి మాట నమ్మి ఒక్క కాయ కొన్న పాపాన పోలేదు.

అంతటి మనిషికి యాభై దాటాక షుగరొచ్చింది. రోజూ ఒంటికి చెమట పట్టాలన్నాడు డాక్టరు. పొద్దున్నే నడవమంది పిన్ని. “ఇటు చూస్తే అద్దంకి రోడ్డు మీద లారీలు, అటు చూస్తే సున్నపు బట్టీల పొగ. ఎక్కడ నడవనే?” అని సాయంత్రం షటిల్ కోర్టుకి వచ్చాడు. కోర్టంటే మట్టి నేల, రెండు స్తంభాలు, ఒక వల, రెండు లైట్లు. కుర్రాళ్లు సంతోషంగా చేతికి ఒక బ్యాటిచ్చారు. బాబాయ్ దాన్ని ముట్టుకోలేదు.

“అరువు బ్యాటుతో అలవాటైతే చెయ్యి పాడైపోద్ది. ముందు సొంతది కొననీ.”

ఆ ‘ముందు’ అనేది మిర్చి నారు పోసినప్పుడు మొదలై, పంట కోతకొచ్చేదాకా సాగింది.

ఆ ఐదారు నెలలూ ఆయన ఊరికే కూర్చోలేదు. రాత్రిళ్లు దుప్పటి ముసుగులో ఫోను వెలుగుతూనే ఉండేది. పొద్దున టీ కొట్టు దగ్గర పాఠం. 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84, 5యూ అంటే 75 నుంచి 79. జీ పక్కన అంకె పెరిగేకొద్దీ పిడి సన్నబడుద్ది. తల బరువైతే స్మాష్‌కి, తల తేలికైతే డిఫెన్స్‌కి. విచిత్రమేంటంటే, చెప్పినవన్నీ అక్షరాలా నిజాలే.

“కొత్తోడికి ఏది మంచిది బాబాయ్?” అన్నాడొక కుర్రాడు.

“4యూ. తలకీ పిడికీ సమతూకం. వంగే షాఫ్ట్. గట్టింగ్ 20 పౌన్లో 22 పౌన్లో చాలు. కొత్తోడి చెయ్యి నిదానంగా తిరుగుద్ది కదా, షాఫ్టే కాస్త వంగి లేచి కాక్‌ని తోస్తది. గట్టింగ్ వదులుగా ఉంటే దారాలే ఎగరేస్తయ్. తగలాల్సిన చోట తగలకపోయినా వల దాటుద్ది. బయట గాల్లో ఆడేటప్పుడు ఈకల కాక్ దండగ, నైలాన్‌ది కొనుక్కోవాలి.”

ఏ కోచ్‌ని అడిగినా ఇంతకన్నా ఏం చెబుతాడు? టీ కొట్టు మొత్తం తలూపింది.

“అయితే అదే తీసుకో బాబాయ్.”

“నేనా?” అని ఆయన నొచ్చుకున్నాడు. “అది కొత్తోళ్లకి రా.”

అప్పటికి ఆయన జీవితంలో ఒక్క కాక్ కూడా కొట్టలేదు. కానీ అన్ని నెలలు చదివినవాడు కొత్తవాడెలా అవుతాడు? పైగా ఆయనకి వంశం ఉంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో, అక్కడికి దగ్గర్లోనే బాబాయ్ మేనత్తని ఇచ్చారు. 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు కొట్టిన కిదాంబి శ్రీకాంత్‌ది గుంటూరు. “ఒకే జిల్లా నీళ్లు తాగినోళ్లం,” అనేవాడు బాబాయ్. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టి పిడుగురాళ్లని పల్నాడులో కలిపినప్పుడు ఊళ్లో అందరూ కలెక్టరాఫీసు దగ్గరవుతుందని సంతోషిస్తే, శ్రీకాంత్ పరాయివాడైపోయాడని బాధపడింది ఆయనొక్కడే.

ఆ లోటు తీర్చింది అమలాపురం. 2023 ఏప్రిల్లో ఆ ఊరి సాత్విక్ సాయిరాజ్ జపాన్లో కొట్టిన ఒక స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ వీడియో బాబాయ్ ఎన్నిసార్లు చూశాడో ఆయన ఫోనుకే తెలియాలి. అప్పుడు సాత్విక్ చేతిలో ఉన్నది యోనెక్స్ నానోఫ్లేర్ 1000 జెడ్.

“దొరికిందిరా బ్యాటు!” అన్నాడు.

“బ్యాటు సరే బాబాయ్, ఆ చెయ్యి ఏ కొట్లో దొరుకుద్ది?”

ఈ రకం ప్రశ్నలకి ఆయన జవాబు చెప్పడు. గుంటూరు వెళ్లి అదే కొన్నాడు. దాని షాఫ్ట్ మహా బిరుసు, మెరుపులా తిరిగే చేతికి తప్ప వంగదు. పైగా 28 పౌన్ల గట్టింగ్ చేయించాడు. ఆటగాడి చేతిలో అది గొప్ప ఆయుధమే, అందులో అనుమానం లేదు. ధర ఎంతని పిన్ని అడిగితే పద్దెనిమిది వందలన్నాడు. వెనక ఒక సున్నా దాచాడని కుర్రాళ్లకి తెలుసు.

సంక్రాంతి వెళ్లాక ఒక సాయంత్రం, పిడికి కుంకుమ బొట్టు పెట్టుకుని కోర్టులోకి దిగాడు. మొదటి సర్వీసు వలకి తగిలింది. రెండోది వల దాకా పోలేదు. మూడోసారి బ్యాటు ఒక దారిన, కాక్ ఒక దారిన వెళ్లాయి. స్మాష్ కోసం ఎగిరాడు గానీ, దిగాక నడుం పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు.

“గట్టింగ్ సరిగ్గా పడలేదు,” అన్నాడు.

మళ్లీ చేయించాడు. తర్వాత పిడి మీద గ్రిప్పు మార్చాడు. తర్వాత కాక్‌ల కంపెనీ మార్చాడు. తర్వాత తప్పు గాలిది, ఆ తర్వాత లైట్లది. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూతని పీల్చేస్తుంటే, మందు మీద మందు కొట్టిన రైతుల్ని “పురుగేదో చూడకుండా డబ్బాలు మారిస్తే ఏం లాభంరా?” అని కొట్టు ముందు నిలబెట్టి తిట్టిన పెద్దమనిషి ఈయనే. ఆ మాట ఇప్పుడు ఆయనకి గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేదు, చాలామందికి ఆయన దగ్గర బాకీలున్నాయి.

అలా ఉండగా, ఇంటర్ చదివే పిల్ల ఒకతి వేసవి సెలవుల్లో ఆటకొచ్చింది. బాబాయ్‌ని 21-4తో ఓడించింది. ఆ నాలుగూ కూడా తెగిన చెప్పు పట్టీ సర్దుకునేటప్పుడు ఇచ్చినవే.

“ఏ కంపెనీదమ్మా ఆ బ్యాటు?”

“ఏమో అంకుల్, నాన్న కొనుక్కొచ్చాడు. చూళ్లేదు.”

ఒకసారి ఇమ్మని అడిగి తీసుకున్నాడు. అప్పుడు జరిగింది చూడాల్సిన విషయం. ఫోను తియ్యలేదు, పేరు చదవలేదు. యార్డులో సరుకు ముందు నిలబడ్డ మనిషిలా కళ్లు సగం మూసుకుని అరచేతిలో తూకం చూశాడు. షాఫ్ట్ వంచి వదిలాడు. దారాల మీద గోటితో మీటాడు. 4యూ, సమతూకం, వంగే షాఫ్ట్, వదులు గట్టింగ్. టీ కొట్టు దగ్గర తాను చెప్పిన బ్యాటే.

“సరుకు మంచిది,” అన్నాడు.

మర్నాడే అలాంటిదొకటి కొన్నాడు, ఇది నిజంగానే పద్దెనిమిది వందలు. ఆ సాయంత్రం సర్వీసు వల దాటింది. ఇంకోటి కూడా దాటింది. రెండు వారాలు తిరిగేసరికి ఒక ర్యాలీలో పది షాట్లు ఆడి, ఆయాసపడుతూ కుర్రాళ్ల వైపు తిరిగాడు.

“చూశార్రా? నేను మొదట్నుంచీ చెప్తుండా. అంతా బ్యాటులోనే ఉంది!”

షుగరు కూడా కాస్త దిగిందని డాక్టరు చెప్పాడు. ఆటిక గాడిన పడిందని పిన్ని, కుర్రాళ్లు, డాక్టరు అందరూ నమ్ముతున్న సమయంలో బాబాయ్ రెండ్రోజులు కోర్టుకి రాలేదు. మూడోరోజు వచ్చాడు గానీ, గట్టు మీదే కూర్చున్నాడు.

“ఆడవా బాబాయ్?”

“బూట్లు సరైనవి కావురా. నాన్‌మార్కింగ్ అని ఉంటయ్, వాటి అడుగు కోర్టు మీద గుర్తులు పడనీదు. అందులో మళ్లీ నాలుగు రకాలు. చూస్తున్నా.”

కుర్రాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఊళ్లో దేనికి కరువొచ్చినా సున్నానికి రాదు కాబట్టి, మా కోర్టు గీతలు సున్నంతోనే వేస్తారు. రోజూ కాళ్ల కింద చెరిగిపోతాయి, రోజూ మళ్లీ పోస్తారు.

“మన మట్టి మీద గుర్తులు పడితే ఏమైద్ది బాబాయ్?”

“నీకు తెలీదులే,” అన్నాడు బాబాయ్ ఫోను తెరుస్తూ. “అవి కొత్తోళ్లకి అర్థం కావు.”