పానాపహరణము

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని లాక్షణికులు శాసించారు. మా చిలమత్తూరుకు సముద్రం లేదు గనక సముద్రవర్ణన వదిలేశాను. ఋతువర్ణనకు ఎండ అన్న ఒక్క మాట చాలు. కథాస్థలంలో చంద్రోదయం కనబడదు, రేకుల కప్పు అడ్డం. మధుపానానికి చట్టం అడ్డం. కావ్యం మాత్రం ఆగదు. వస్తువు ఒక పానా. పదో నంబరుది, జానెడైనా ఉండదు.

ముందుగా వంశవర్ణన. మా సీమకు ఆకాశయానం కొత్త కాదు. పక్కనున్న లేపాక్షిలోనే జటాయువు రెక్క తెగి నేలకొరిగాడని మావాళ్ల నమ్మకం. అక్కడ బండ మీద ఆయనకు విగ్రహం కూడా నిలబెట్టారు. రెక్క దెబ్బతిని మా గడ్డ మీద దిగిన మొదటి విమానం ఆయనే. లోపానికి కారణం రావణుడి కత్తి కాబట్టి మెకానిక్కుల మీద విచారణ జరగలేదు. ఆ తర్వాత యుగాలు గడిచాయి. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం అండతో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ స్థాపించాడు. 1943లో అది అమెరికా సైన్యం చేతికి వెళ్లి 84వ ఎయిర్ డిపో అయింది, యుద్ధంలో అలసిన విమానాలను విప్పి, కడిగి, బిగించి మళ్లీ యుద్ధానికి పంపింది. విప్పడం, బిగించడం అనే ఈ రెండు పురుషార్థాలు దక్కన్ పీఠభూమిలో అలా వేరూనాయి.

మా కథానాయకుడు ఆ దారి పట్టినవాడే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సెక్కి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి, దేవనహళ్లిలో ఒక హ్యాంగరు చేరాడు. పేరు చెప్పను. కావ్యంలో అతను నిమిత్తమాత్రుడు.

పురవర్ణనకు వద్దాం. ఆ హ్యాంగరు అనే మహానగరానికి అగడ్త లేదు, నేల మీద పసుపు గీత ఉంది. దాన్ని దాటే ప్రతి ఇనుప ముక్కకూ ఒక నంబరు చెక్కి ఉంటుంది. నగరమధ్యంలో ఇనుప జాలీ కిటికీ, దాని వెనక దుర్గాధిపతి స్టోరు అన్న. ఆయన వెనక ఆయుధాగారం: రింగు పానాలు, సాకెట్లు, కటింగ్ ప్లయర్లు, నాలుగు పలకల, ఆరు పలకల స్క్రూడ్రైవర్లు. ఒక్కొక్క ఆయుధానికీ దాని ఆకారంలోనే గుంట తొలిచిన నల్లటి స్పాంజి శయ్య. శయ్య అడుగున ఎరుపు. ఆయుధం ఉన్నంతసేపూ నలుపే కనబడుతుంది, లేచి వెళ్లిన క్షణం ఆ ఎరుపు బయటపడి అదే ఆకారంలో కేక వేస్తుంది. మన ప్రబంధ కవులు విరహాన్ని వర్ణించడానికి వెన్నెల, మలయమారుతం, చిలుక, చందనం అన్నీ ఖర్చు పెట్టారు. ఈ షాడో బోర్డు ముందు అవన్నీ దండగ. పానా లేని పానా ఆకారాన్ని చూస్తే చాలు, ఇన్‌ఛార్జికి జ్వరం వస్తుంది.

ఆయుధం కావాలంటే ఊరికే ఇవ్వరు. వీరుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసి ఆ ఖాళీలో తగిలించాలి. షిఫ్టు అయ్యేసరికి బిళ్ల వీరుడికీ, పానా శయ్యకూ చేరాలి. గుడ్డపీలికలకు కూడా లెక్కే.

అంతలో సభలోకి వేంచేశాడు ధీరోదాత్తుడు, నిర్ణీతబలభ్రమణధురీణుడు, అతిబిగింపుగర్వాపహారి, శ్రీశ్రీశ్రీ టార్క్ రెంచ్ వారు. తక్కిన ఆయుధాలు బోర్డు మీద నిద్రపోతే ఈయన సొంత పెట్టెలో పవళిస్తాడు. జననం 1918, న్యూయార్క్. అక్కడి నీటి సరఫరా శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్, గొట్టాల బోల్టులను పనివాళ్లు బిగించి బిగించి విరగ్గొడుతుంటే చూడలేక ఈయన్ను సృష్టించాడు. అవతార ప్రయోజనం చాలు అనడం. చెప్పిన బలం అందగానే ‘టక్’ అంటాడు. దానికి మారుమాట లేదు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి టక్‌మనిపించేవాడు మహాపాతకి. కొడికొండ దగ్గర లారీ చక్రానికి పానా తగిలించి, పానాకు పైపు తొడిగి, పైపు మీద ఎక్కి ఎగిరే పంక్చరు మల్లుడికి ఈ ధర్మం పట్టదు. లారీకి అది చెల్లుతుందేమో. విమానంలో అలా చేస్తే బోల్టు సాగుతుంది. సాగిన బోల్టు పైకి బుద్ధిమంతుడిలా కనబడుతూ లోపల చచ్చిపోతూ ఉంటుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి గనక, బిగింపు బలాన్ని కొలిచే న్యూటన్ మీటర్ అన్న మాట ఇప్పుడు మా బస్సుల్లో కూడా వినబడుతోంది. సంతోషం.

ఇంత మహావీరుడి ఆయుర్దాయమూ నుదుట అంటించిన చీటీ మీద ఉంటుంది. దాన్ని క్యాలిబ్రేషన్ స్టిక్కర్ అంటారు. వేరే లెక్క పెట్టుకోకపోతే ఏడాదికి, లేదా 5,000 బిగింపులకు, ఏది ముందైతే అప్పుడు అగ్నిప్రవేశం చేసి శీలం నిరూపించుకోవాలని ఐఎస్‌ఓ 6789 అనే స్మృతి చెబుతోంది. తేదీ దాటిందా, నిన్నటిదాకా ఎంత పరాక్రమం చూపినా ఇవాళ చెరసాలే. రాత్రి పడుకోబెట్టే ముందు కొలతను అడుక్కు తిప్పి స్ప్రింగును వదులు చేయాలి. వీరుడైనా బిగుసుకుని నిద్రపోకూడదు.

మైక్రోమీటర్ మహర్షిని రెండు మాటల్లో స్తుతిస్తాను. 1848లో పారిస్‌లో పామర్ పేటెంటు తీసుకున్న ఈ పండితుడు వేడి ఓర్వలేడు. ప్రపంచమంతా పొడవులను 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెప్పుకోవాలని 1931లోనే ఒప్పందం. మే నెలలో మా ఊళ్లో ఎండ 40 తాకితే, 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తలవెంట్రుక మందంలో ఇంచుమించు మూడో వంతు. అందుకే కొలతల గదికి ఏసీ. అది పెద్దసార్ల కోసమని కొత్త కుర్రాళ్లు అపోహపడతారు.

ఇక ఫీలర్ గేజ్. పలచని ఉక్కు రేకుల గుత్తి. సందు ఎంతుందో తెలియాలంటే రేకు దూర్చి చూడాలి. లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద జనం తువ్వాలు దూర్చి ఇటు నుంచి అటు లాగేది అచ్చంగా ఈ పరీక్షే. దానికి కూడా క్యాలిబ్రేట్ చేసిన తువ్వాలు ఒకటి దేవస్థానం వారు ఉంచితే బాగుండును.

కావ్యారంభంలో చేయవలసిన కుకవినింద ఇప్పుడు చేస్తాను. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగాకు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి 17,300 అడుగుల ఎత్తులో పైలట్ ముందరి అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని వేలాడారు, కోపైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, కెప్టెనూ బతికాడు. ముందు రోజు ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 బోల్టుల వ్యాసం 0.66 మిల్లీమీటరు తక్కువ. మిగతా ఆరు పొట్టివి. పాత బోల్టును పక్కన పెట్టి కంటితో పోల్చి ఎంచారట. రావణుడికి పది తలలు కావలసి వచ్చాయి. ఈ రాక్షసుడికి మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు సరిపోయింది.

అపహరణ ఘట్టం. తెల్లవారితే విమానం వెళ్లాలి. చివరి లెక్కలో బోర్డు మీద ఎర్రగా ఒక పానా ఆకారం.

“ఏం రా అబ్బీ, పది పానా యాడరా?”

“పెట్టినా కదన్నా.”

“బిళ్ల ఈడనే వేలాడతాంది, చూడు.”

దుర్గాధిపతి సంతకం పెట్టే కలాన్ని ఒరలో పెట్టాడు. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ వారి సీఏఆర్ 145 ధర్మశాస్త్రం ప్రకారం పని అయ్యాక విమానంలో పనిముట్లేవీ మిగల్లేదని చూసుకోవాలి. అది తేలేదాకా విమానం గుమ్మం కదలదు. సేనలు కదిలాయి. మొదట జేబులు, ఆపైన ట్రాలీలు, ఆపైన మూసిన ప్యానెళ్లన్నీ మళ్లీ తెరిచారు. బోరోస్కోప్ అనే సర్పరాజం కళ్లలో దీపం వెలిగించుకుని ఇంజను పాతాళంలోకి పాకింది. మా కుర్రవాడు నవరసాల్లో భయానకం ఒక్కటే అభినయించాడు. మూడో జాములో పానా దొరికింది. లంకలో కాదు, వాడిన గుడ్డపీలికల డబ్బాలో, నూనె గుడ్డలో చుట్టుకుని.

ఇంత హడావుడి దేనికని అడిగే విమర్శకుల కోసం ఒక ఉపకథ. 2023 డిసెంబరులో లాస్ ఏంజెలిస్‌లో క్వాంటస్ వారి ఏ380 ఇంజనులో తనిఖీ చేశాక 1.25 మీటర్ల నైలాన్ పనిముట్టు ఒకటి లోపలే ఉండిపోయింది. స్టోరులో అది లేదని తెలుస్తూనే ఉన్నా, వెతికే విధి మొదలుపెట్టకుండానే విమానాన్ని వదిలారు. 2024 జనవరి 1న బయటపడేదాకా ఆ పనిముట్టు టిక్కెట్టు లేకుండా 34 ప్రయాణాలు, 294 గంటలు తిరిగింది. మనిషంత పొడుగుది కాకపోయినా, మా పదో నంబరుకన్నా ఎంత పెద్దదో చూడండి.

ఫలశ్రుతి చెప్పి సెలవు తీసుకుంటాను. ఎప్పుడైనా దేవనహళ్లిలోనో శంషాబాద్‌లోనో ‘సాంకేతిక కారణాల వల్ల’ విమానం ఆలస్యమని మైకులో వినబడితే, ఆ కారణం వేలెడంత పానా కావచ్చు. దాని లెక్క తేలేదాకా టీ తాగండి, కాఫీ తాగండి, కావాలంటే నా కావ్యాన్ని తిట్టండి. కౌంటరు దగ్గర నిలబడ్డ అమ్మాయిని మాత్రం తిట్టకండి.