ఎంసీల్ ఆసామి

పికప్ బండి తిరిగే ప్రతి ఊళ్లోనూ ఎంసీల్ ఆసామి ఒకడుంటాడు. కూరగాయలో, కోళ్లో, పెళ్లి సామానో వేసుకుని తిరిగే బండి అతనిది. టైరు అరిగితే మారుస్తాడు, ఇంజన్ ఆయిలు కిలోమీటర్ల లెక్క చూసి మరీ పోయిస్తాడు, దసరాకి గుమ్మడికాయ కొడతాడు. ఒక్క కూలెంట్ బాటిల్ దగ్గరే మనిషి అడ్డం తిరుగుతాడు. బానెట్ కింద ఓ మూలనున్న ఆ తెల్లటి ప్లాస్టిక్ డబ్బా చిట్లిందని మెకానిక్ కుర్రాడు "అన్నా, బాటిల్ మార్చేద్దాం" అన్నాడో లేదో, "పోయింది డబ్బాయే కదరా, ఇంజన్ కాదుగా" అంటూ జేబులోంచి ఎంసీల్ తీసి పిసకడం మొదలుపెడతాడు. చూసినవాళ్లు పిసినారి అంటారు. నేనొప్పుకోను. కొత్త బాటిల్ ఖరీదు బండిని బట్టి కొన్ని వందలో, వెయ్యి రెండు వేలో. ఎంసీల్, దాని మీద ఫెవిక్విక్, ఆ పైన సైకిల్ ట్యూబు ముక్క, దాన్ని బిగించి కట్టిన ఇనప తీగ, రెండ్రోజులకోసారి పోసే నీళ్లు, వీటన్నిటికీ అయ్యే ఖర్చూ పోయే కిరాయిలూ కలిపితే బాటిల్ ఎప్పుడో వచ్చేసేది. డబ్బు మిగుల్చుకునేవాడైతే ఈ లెక్క అతనికి తెలియకపోదు. అతనిది తన అతుకు మీద నమ్మకం. అదీ ఊరికే వచ్చింది కాదు, అనుభవం మీద వచ్చింది. చిక్కంతా అక్కడే ఉంది.

పాత జీపుల్లో, పాత డీజిల్ బళ్లలో ప్రెషర్ మూత రేడియేటర్ మీదే ఉండేది. పక్కనున్న డబ్బాది వట్టి పొంగు పట్టే ఉద్యోగం. ఇంజన్ కాగినప్పుడు పొంగిన కూలెంట్ అందులోకి వచ్చేది, చల్లారాక రేడియేటర్ దాన్ని వెనక్కి పీల్చుకునేది. లోపల ప్రెషర్ లేదు కనుక పగులుకి ఏది మెత్తినా కొన్నాళ్లు ఆగేది. డబ్బా మొత్తం ఊడిపోయినా రేడియేటర్లో నీళ్లు పోసుకుంటూ ఊరు చేరొచ్చు. ఆసామి గెలిచిన యుద్ధాలన్నీ ఆ డబ్బాతోనే. ఇప్పుడు చాలా బళ్లలో రేడియేటర్‌కి మూతే లేదు. ప్రెషర్ మూత బాటిల్ నెత్తికెక్కింది. అంటే ఇంజన్‌లో ఎంత ప్రెషర్ ఉంటే బాటిల్‌లోనూ అంత. నీళ్లూ ఇథిలీన్ గ్లైకాలూ సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దరిదాపుల్లో మరుగుతుంది. ఆ మూత బిగిసి ఉంటే 120 దాటినా మరగదు. గోడకి సన్నటి చీలిక పడితే చాలు, ఆ వెసులుబాటు పోతుంది. ఇంట్లో కుక్కర్‌కి చిల్లు పడితే ఎంసీల్ పెట్టి పప్పు ఉడికించమని ఆసామి అనడు. బానెట్ కింద ఉన్నది కూడా కుక్కరేనంటే మాత్రం నవ్వుతాడు.

ప్లాస్టిక్ సంగతి చూద్దాం. ఈ బాటిళ్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. రెండు సగాలు విడిగా చేసి వేడితో కలుపుతారు. పగులు తరచుగా ఆ కలిపిన గీత వెంటో, పైపు తగిలించే మెడ దగ్గరో వస్తుంది. రోజూ కాగడం, చల్లారడం, గతుకుల్లో అదరడం, వీటితో ఏళ్లు గడిచేసరికి అది పసుపు తిరిగి పెళుసెక్కుతుంది. పైగా ఈ రకం ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు. ఎంసీల్ గట్టిపడుతుంది గానీ కరుచుకోదు. ఒక్క ఘాటు ఎక్కి దిగేసరికి అంచు లేచి పెచ్చుగా చేతికొస్తుంది. ఆసామి పరీక్ష మాత్రం తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు జరుగుతుంది. వేలితో తడుముతాడు, తడి లేదు, కాబట్టి లీకు లేదు. చల్లటి బాటిల్‌లో ప్రెషర్ ఉండదనీ, బండి కాగాకే ఆ వెంట్రుకంత చీలిక నోరు తెరుస్తుందనీ, బయటికొచ్చింది వచ్చినట్టే ఆవిరవుతుందనీ అతని లెక్కలోకి రాదు. మిగిలే సాక్ష్యం చీలిక చుట్టూ పచ్చగానో గులాబీరంగులోనో ఎండిన పొర ఒక్కటే. దాన్ని గోటితో గీకి "దుమ్మురా" అంటాడు. ఇంక ఇంజన్ వేడి చూపించే మీటర్లో ముల్లు చేసే మోసం వేరు. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే అది నిజం చెబుతుంది. నీళ్లు తగ్గి సెన్సర్ బయటపడితే ఇంజన్ మాడుతున్నా ముల్లు కిందికి జారొచ్చు. పాడేరు ఘాటులో నిండు లోడుతో, ఫస్టు గేరులో ఎక్కుతూ ఆ ముల్లు దిగడం చూసి, హమ్మయ్య చల్లబడిందనుకుని ఇంకాస్త తొక్కేది మన ఆసామే. ఆ తర్వాత హెడ్ గాస్కెట్, వంగిన హెడ్డు, పదుల వేలల్లో బిల్లు. అప్పుడతను తిట్టేది ఈ కాలపు ఇంజన్లని.

అర్ధరాత్రి మదనపల్లె మార్కెట్‌కి టమాటా వేసుకెళుతుంటే దారిలో డబ్బా చిట్లింది, కొట్లన్నీ మూసేశారు, తెల్లారితే సరుకుకి రేటు పడిపోతుంది, అప్పుడేం చేయాలని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. బండి ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి (కాగుతున్న మూతని గుడ్డ చుట్టి తిప్పే శూరత్వం వద్దు, మొహం కాలుతుంది), దొరికినదేదో చుట్టి, నీళ్లు పోసుకుని, ముల్లుతో పాటు డబ్బాని కూడా చూసుకుంటూ మెల్లగా చేరడమే. ఆ రాత్రి అతుకుని నేనూ తప్పు పట్టను. కానీ ఆ అతుకు పొద్దున్నే దిగిపోవాలి. ఆసామి బండిలో అది సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా ఉంటుంది. ప్లాస్టిక్ వెల్డింగ్ చేయిస్తే పోలేదా అనేవాళ్లున్నారు. అదే ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతారు కాబట్టి జిగురుకన్నా మేలే. అయితే పెళుసెక్కిన గోడలో వెల్డింగ్ పక్కనే ఇంకో గీత పడుతుంది. స్క్రాప్‌లో దొరికే పాత బాటిల్ కూడా అంతే వయసుది. అసలు కూలెంటే ఎందుకు, మా నాన్న బోరు నీళ్లతోనే బండి నడిపాడు అన్నది ఆసామి ఆఖరి అస్త్రం. నడిపే ఉంటాడు. రేడియేటర్‌లో సున్నం పేరుకుపోతే తుడిపించే ఉంటాడు, ఆ సంగతి మాత్రం వారసత్వంలో రాలేదు.

పిసినారితనం కాదన్న నా మాటకి గట్టి రుజువు బండి అమ్మే రోజున దొరుకుతుంది. కొనేవాడు రేపొస్తాడనగా, ఎవరూ అడక్కుండానే, బేరమైనా ఆడకుండా ఆసామి కొత్త బాటిల్ వేయిస్తాడు. అన్నాళ్లూ మార్చని డబ్బా ఇప్పుడెందుకన్నా అని కుర్రాడు అడిగితే, "ఆ అతుకు విలువ వాడికేం తెలుస్తుందిరా" అంటాడు. కొనేవాడూ బానెట్ ఎత్తి, మిలమిలలాడే బాటిల్ చూసి సంతోషిస్తాడు గానీ, అంత పాత బండిలో అదొక్కటే ఎందుకు కొత్తదో అడగడు. పాతదాన్ని ఆసామి పారేయడు. గోనెసంచిలో చుట్టి ఇంటికి పట్టుకెళతాడు. తీసుకోబోయే బండి వేరే మోడల్, దానికిది సరిపోదన్నా అని కుర్రాడు మొత్తుకుంటే, "కోసి పెట్టుకోవచ్చులేరా, ఎంసీల్ ఉందిగా" అంటాడు.