చెప్పకుండా వస్తే ఎలా సార్?

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ అధికారి గారికి,

హైదరాబాద్ శివార్లలో ఒకానొక మాత్రల ఫ్యాక్టరీ క్వాలిటీ ఉద్యోగి నమస్కరించి రాయునది.

విదేశీ ఫ్యాక్టరీలకు చెప్పాపెట్టకుండా రావడం ఇకపై పెంచుతామని 2025 మేలో మీ సంస్థ ప్రకటించిన దగ్గర్నుంచి మా మేనేజర్లకు అన్నం సయించడం లేదు. చుట్టం చెప్పకుండా వస్తే ఇంకో గ్లాసు బియ్యం పోస్తాం. మీరొస్తే పోయాల్సింది నేలకు ఎపాక్సీ పూత. అది ఆరొద్దూ?

ఇదివరకు వారాల ముందే కబురొచ్చేది. గోడలకు రంగులు, ఆపరేటర్లకు కొత్త గౌన్లు, జవాబుల రిహార్సల్: “అడిగినంతవరకే చెప్పు. తెలియకపోతే పని పద్ధతి రాసిన ఎస్‌వోపీ చూసి చెబుతానను.” పని చేసినప్పుడే రాయాలని మీ సూత్రం. మా లాగ్‌బుక్‌లో మూడు నెలల రాత ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటుంది. పద్ధతి తప్పినప్పుడు రాసే డీవియేషన్ రిపోర్టులూ అంతే ముచ్చటైనవి. కారణం: మానవ తప్పిదం. చర్య: మళ్లీ శిక్షణ. తూకం మిషన్ పాడైనా మానవ తప్పిదమే!

మీవాళ్లకు ఇవేవీ ఆనవు. తిన్నగా మందు పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం కంప్యూటర్లో, ఎవరు ఎప్పుడు ఏం చేశారో దాచే ఆడిట్ ట్రెయిల్ తెరుస్తారు. శాంపిల్‌ను ముందు ‘ట్రయల్’ పేరుతో ఎక్కించి, పాసయితేనే అసలు నంబరు ఇచ్చామా అని చూస్తారు. తర్వాత చెత్త సంచుల్లో చింపిన కాగితాలు ఏరుతారు. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇదేం అలవాటండీ?

మీ పట్టుదలకు కారణం తెలియక కాదు. 1937లో డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపిన సల్ఫా మందు తాగి మీ దేశంలో వందమందికి పైగా పోయారు. మరుసటి ఏడాదే కొత్త చట్టం తెచ్చుకున్నారు. అదే విషం 2025లో మా మధ్యప్రదేశ్‌లో పిల్లలు తాగిన దగ్గుమందులో దొరికింది. తమిళనాడు ల్యాబ్ పరీక్షలో 48.6 శాతం! ఆ సీసా అమెరికా వెళ్లేది కాదు కాబట్టి మీకు సంబంధం లేదు. మావాళ్లు 2023 డిసెంబరులో మందుల తయారీ ప్రమాణాల షెడ్యూల్ ఎం నిబంధనలు బిగించారు, దరఖాస్తు పెట్టుకున్న చిన్న కంపెనీలకు 2025 ఆఖరుదాకా గడువూ ఇచ్చారు. గడువు కంపెనీలకే, దగ్గుకు కాదు.

మా ఆవరణలోనూ రెండు బ్లాకులున్నాయి. ఎపాక్సీ వేసేది ఎగుమతి బ్లాకులో. మా అమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్ర పక్క బ్లాకులో తయారవుతుంది. అక్కడి ఏసీ గురించి నేనిచ్చిన కాగితం ఇంకా ‘పరిశీలనలో’ ఉంది.

ఎలాగూ వస్తున్నారు గనక ఒక్క మనవి. గేటు దగ్గర సెక్యూరిటీ మిమ్మల్ని విజిటర్ రిజిస్టర్ పేరుతో కూర్చోబెడతాడు. తనిఖీని కావాలని ఆలస్యం చేస్తే లోపలి మందు కల్తీ కిందే లెక్కని మీ 2012 చట్టం అంటుందని వాడికి తెలియదు, కోప్పడకండి. దారి అడిగితే కుడివైపు చూపిస్తాడు. మీరు ఎడమకు తిరగండి.

ఇట్లు,
పేరు రాయలేని క్వాలిటీ ఉద్యోగి

తేదీ: రాసిన రోజుదే