గొర్రెకు సబ్సిడీ, మేకకు జరిమానా

తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం 2017 జూన్‌లో మొదలైంది. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, అప్పటి ధర రూ.1.25 లక్షలు. అందులో 75 శాతం సర్కారుది, మిగతా రూ.31,250 గొల్ల కురుమలది. గొర్రెలను తోలుకొచ్చిన బండ్ల నంబర్లలో కొన్ని బైకులవి, కొన్ని అంబులెన్సులవి అని కాగ్ తేల్చింది. గొర్రెలు వెనక సీట్లో కూర్చున్నాయో, స్ట్రెచర్‌పై పడుకున్నాయో బిల్లులో రాయలేదు.

మేత సంగతి వేరు. 2019లో హుజూరాబాద్‌లో నాటిన మొక్కలు మేసినందుకు రెండు మేకలను ఠాణాలో కట్టేశారు. యజమానికి వెయ్యి రూపాయల జరిమానా పడింది.

ఎక్కడైనా లెక్క ఇదే: జీవాలనిచ్చే శాఖ ఒకటి, మొక్కలు నాటే శాఖ ఇంకొకటి. మేపే చోటు చూపే శాఖ మాత్రం ఇంకా పుట్టలేదు.