వెయ్యి పున్నములు, ఒక జాడీ

మా పెద్దమ్మకు సహస్ర చంద్ర దర్శనం చేశారు. వెయ్యి పున్నములు చూసినవాళ్లకు చేసే వేడుక. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.53 రోజులు కాబట్టి, లెక్కప్రకారం 80 ఏళ్ల 10 నెలలకు వెయ్యి నిండుతాయి. ఇంత కచ్చితంగా నాకెలా తెలుసంటే, పురోహితుడు మంత్రాలు చదువుతుంటే వెనక వరుసలో కూచుని ఫోన్లో గుణించాను. మబ్బు పట్టిన పున్నములు తీసేయాలా అని మా ఆవిడని అడిగాను కూడా. ఆవిడ మొహంలో అమావాస్య కనిపించింది.

"నాలుగు ముక్కలు మాట్లాడరా" అని అన్నయ్య మైకు చేతిలో పెట్టాడు. నాలుగు ముక్కలకి ఆరు పేజీలు రాసుకెళ్లాను. మాతృమూర్తి, త్యాగశీలి, అన్నపూర్ణ వగైరాలన్నీ మొదటి పేజీలోనే అయిపోయాయి. మిగతా ఐదు పేజీలూ ఆవకాయ. టెంకతో కొట్టిన ముక్క, పప్పునూనె, కొత్త ఆవపిండి ఘాటు, మూడోరోజు తిరగకలపడం. ఏటా మా ఇంటికొచ్చే జాడీ మూత తీస్తే పెద్దమ్మ చెయ్యే కనిపిస్తుందన్నాను. గొంతు కూడా కాస్త వణికించాను.

పెద్దమ్మ మైకు లేకుండానే అంది: "ఒరేయ్, నా మోకాళ్లు పోయి పన్నెండేళ్లయింది. అప్పట్నుంచీ ఆవకాయ పెడుతున్నది మీ వదిన."

వదిన పక్కనే తాంబూలాలు సర్దుతోంది. తలెత్తలేదు. తర్వాత పంక్తిలో మాత్రం నా విస్తరి దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆవకాయ గిన్నెతో ముందుకి వెళ్లిపోయింది.

"నీకు ముందే తెలుసా?" అని మా ఆవిడని అడిగాను.

"ఏటా జాడీ మోసుకొచ్చేది నేనేగా" అంది.

నిజానికి చెప్పాల్సింది వేరే ఉంది. ఇంటర్ రెండేళ్లూ పెద్దమ్మ ఇంట్లోనే ఉండి చదివాను. తెల్లారుజామున నాలుగింటికి నన్ను లేపి, కిరసనాయిలు స్టవ్వు మీద కాఫీ పెట్టిచ్చేది. నేను ఫిజిక్స్ పుస్తకంలో డిటెక్టివ్ నవల దాచుకుని చదివేవాణ్ణి. అద్దె పుస్తకాల షాపువాడు బాకీకి ఇంటిమీదికొస్తే ఆవిడే కట్టి పంపేసింది. పెదనాన్నకి చెప్పలేదు, మా అమ్మకీ చెప్పలేదు. నన్నూ ఒక్క మాట అనలేదు. ఇది చెప్పుంటే ఆవిడ గొప్పతనం నలుగురికీ తెలిసేది. కాకపోతే నా భాగోతమూ తెలిసేది. అందుకని ఆవకాయని పట్టుకున్నాను.

ఈ వేసవికి జాడీ రాదనే అనుకున్నాం. వచ్చింది. మూత మీద కాగితం అంటించి వదిన పేరు రాసి ఉంది, ఇంటిపేరుతో సహా.