ఇంటికి దూరమైన గంటలకు లెక్కేదీ?

మా రోజుల్లో రైలింజన్ నడిపేవాళ్లకు డ్యూటీ పిలుపు కాల్‌బాయ్ తెచ్చేవాడు. ధర్మవరం రైల్వే క్వార్టర్స్‌లో అర్ధరాత్రి సైకిలు బెల్లు మోగిందంటే ఎవరింటి ముందు ఆగుతుందోనని ఆడవాళ్లు లేచి కూర్చునేవాళ్లు. కాల్‌బుక్కులో టైము వేసి సంతకం పెడితేనే పిలుపు చెల్లేది. రెస్టు పూర్తి కాకపోతే ఆ మాటా అందులోనే రాసేవాళ్లం. ఇప్పుడు ఫోను. అన్నం ముందు కూర్చున్నా మోగుతుంది, కూతురి పెళ్లిచూపుల్లో ఉన్నా మోగుతుంది. పిలవడం తేలికయ్యేసరికి మనిషి రెస్టూ తేలికైపోయింది.

మేం సుఖపడ్డామని చెప్పను. మీటర్‌గేజ్ కాలంలో వైపీ ఆవిరి ఇంజన్ మీద హిందూపురం వైపు పోతుంటే ముందు ఫైర్‌బాక్స్ సెగ, పక్కన వడగాలి. అయినా ఫుట్‌ప్లేట్ మీద ముగ్గురం ఉండేవాళ్లం: డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. డ్యూటీ దిగాక పడుకునే రన్నింగ్ రూముకు చేరగానే, వెంట తెచ్చుకున్న లైన్‌బాక్సులోంచి బియ్యం, కందిపప్పు, ఎండుమిరపకాయలు తీసి వంటవాడికి ఇచ్చి, వండాక అందరం కలిసి తినేవాళ్లం. ఇప్పుడు రన్నింగ్ రూముల్లో ఏసీలు వచ్చాయి, వండిన భోజనం వచ్చింది. కంటి నిండా నిద్రే కరువైంది. ఇంజన్లో ఇద్దరే. ఒకరికి కునుకు పడితే రెండోవాడే దిక్కు.

పనిగంటల హద్దు ఎవరూ దయతలచి ఇవ్వలేదు. 1973 ఆగస్టులో లోకో కార్మికులు సమ్మె చేస్తేనే డ్యూటీ ఎక్కే సైన్‌ఆన్ నుంచి దిగే సైన్‌ఆఫ్ దాకా పది గంటలు మించదని రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా ఒప్పుకున్నారు. మరుసటి ఏడు మే నెలలో జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. వేలమంది జైళ్లకు పోయారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అంత చేసి సాధించుకున్న పది గంటల కోసం నేటికీ కొట్లాడాల్సి వస్తోంది.

డబ్బు సంగతీ అంతే. రన్నింగ్ అలవెన్సు ముఖ్యంగా బండి నడిచిన కిలోమీటర్ల మీద లెక్క. ఎక్స్‌ప్రెస్సులను వదలడానికి గూడ్సును పెనుకొండ లూప్‌లైన్లో నిలబెడితే కిలోమీటర్లు కదలవు. డ్రైవరు మాత్రం సిగ్నల్ మీద నుంచి కన్ను తిప్పడానికి లేదు. అది పని కాదా? 1988లో పింఛనుకు కలిపే అలవెన్సు వాటాను 75 శాతం నుంచి తగ్గించి, ఆ కోతను వెనకటి తేదీల నుంచే వర్తింపజేశారు. అంతకుముందే రిటైరైన వాళ్లకు అలా కోత పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1997లో తీర్పిచ్చింది. ఆ అలవెన్సు మా కష్టార్జితమని నిరూపించుకోవడానికి ముసలితనంలో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

మా వీధి పిల్లవాడొకడు అసిస్టెంట్ లోకో పైలట్. ఎట్లుందప్పా ఉద్యోగమని అడిగితే, "తాతా, ఇంటికొచ్చి పండుకోని లేచేసరికి రెస్టు అయిపోతాంది. నా కూతురు మేలుకోనుండంగా చూసి ఎన్నాళ్లయిందో" అన్నాడు. లోకో పైలట్లు కోరేది గొంతెమ్మ కోరిక కాదు. డ్యూటీ ముగించి సొంత ఊరు చేరాక ఇచ్చే హెడ్‌క్వార్టర్స్ రెస్టు 16 గంటలు, వారపు రెస్టు 30 గంటలు, రెండూ కలిపి 46 గంటలు ఇమ్మంటున్నారు. 2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు దానికోసమే ఆందోళనకు దిగారు. విమాన పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి ఉండాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అదే ఏడాది నిబంధన తెచ్చింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు రద్దయినప్పుడు ఆ నిబంధన మీద దేశమంతా చర్చించింది. గూడ్సు డ్రైవరు రెస్టు గురించి అంత చర్చ ఎప్పుడు జరిగింది?

హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో రైలెక్కే మా ఊళ్లవాళ్లకు ఒక మాట. బండి నడిపేవాడు నిద్రపోయి వచ్చాడా లేదా అన్నది వాడి ఇంటి గొడవ కాదు, మీ ప్రాణాల సంగతి. ఖాళీగా ఉన్న డ్రైవరు ఉద్యోగాలు నింపమని, 46 గంటల రెస్టు ఇమ్మని, బండి ఆగిన గంటకూ కూలి కట్టమని మీ ఎంపీని మీరే అడగండి.