ఊదు సామీ, గట్టిగా ఊదు

నా అసలు పేరు బ్రెత్ ఎనలైజర్. కర్నూల్లో ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఎస్సై గారికి నేను ‘మిషన్’ని, హోంగార్డుకు ‘ఊదేది’ని. రాత్రి పదకొండు దాటాక రాజ్‌విహార్ సెంటర్లో బండి ఆపించుకున్నవాళ్ళు పెట్టే పేర్లు మాత్రం పత్రికలో రాయదగినవి కావు. వాటిని నేను పట్టించుకోను. మనుషుల మాటతో నాకు పని లేదు, ఊపిరితోనే పని.

నా కడుపులో ప్లాటినం పూత పూసిన చిన్న ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే అది అక్కడ ఆమ్లంగా మారుతుంది, మారుతూ రవ్వంత కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటును బట్టి నేను అంకె వేస్తాను. ఊపిరిలో ఉన్నదానికి రక్తంలో సుమారు 2,100 రెట్లు ఉంటుందని శాస్త్రజ్ఞులు కట్టిన లెక్క. పెదవుల దగ్గర గాలి ఇందుకు చాలదు, ఊపిరితిత్తుల అడుగునుంచి రావాలి. “ఊదు సామీ, గట్టిగా ఊదు” అని హోంగార్డు అంతసేపు బతిమాలేది అందుకే. ఇది తెలియనివాళ్ళు జీలకర్ర నములుతూ వస్తారు, సోంపు బుక్కుతారు, జర్దా కిళ్ళీ బిగిస్తారు. వాసన మారుతుంది గానీ రక్తం మారదు కదా. ఊదమంటే బుగ్గలు పొంగించి లోపలికి పీల్చే కళాకారులు కూడా ఉన్నారు. వాళ్ళకు అంకె ఇవ్వను, మళ్ళీ ఊదమని అడుగుతాను. ఎన్నిసార్లయినా అడుగుతాను, నాకు నిద్ర రాదు.

మా వంశకర్త 1954లో అమెరికాలోని ఇండియానాలో పుట్టాడు. పోలీసు శాఖలో పనిచేసిన బోర్కెన్‌స్టైన్ అనే ఆయన తయారుచేశాడు. సరిగ్గా ఆ 1954లోనే, ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఈ కర్నూల్లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కడపలోనైతే అంతకుముందే, 1938లో, రాజాజీ ప్రభుత్వం నిషేధం పెట్టి చూసింది. తాగాలా వద్దా అన్న పంచాయితీ ఈ సీమకు కొత్త కాదన్నమాట. నేను అందులో తలదూర్చను. తాగొద్దని ఎవరికీ చెప్పను. తాగి హ్యాండిల్ పట్టుకుంటేనే నా దగ్గరికి రావాలి.

నాకు పవరిచ్చింది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. దాని 185వ సెక్షన్లో నా పేరు చేరింది 1994 సవరణతో. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఇంగ్లండులో ఈ గీత 80 దగ్గర ఉంటుంది. అంటే లండన్లో దర్జాగా కారు నడుపుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి నేను బళ్ళారి చౌరస్తాలో పట్టిస్తాను. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు గానీ, పది వేల జరిమానా గానీ, రెండూ గానీ. 2019 సవరణకు ముందు ఈ జరిమానా రెండు వేలే. రెండోసారైతే రెండేళ్ళు, పదిహేను వేలు.

మన రాష్ట్రంలో పెంచిన జరిమానాలను గట్టిగా వసూలు చేయడం మొదలైంది 2025 మార్చి 1 నుంచి. హెల్మెట్ లేకుంటే వెయ్యి, సీటుబెల్టు లేకుంటే వెయ్యి, లైసెన్సు లేకుంటే ఐదు వేలు. వీటికీ నాకూ ఒక తేడా ఉంది. హెల్మెట్ చలానాను రోడ్డు మీదే కట్టేసి పోవచ్చు, చట్టంలో 200వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. ఆ జాబితాలో 185 లేదు. నా దగ్గర దొరికినవాడు కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. కాబట్టే నన్ను చూడగానే చేతులు జేబులోకి కాకుండా ఫోన్ల వైపు పోతాయి. “అన్న మాట్లాడతాడంట సార్” అని ఫోన్ చాపుతారు. అన్న మాట్లాడేలోపు నా కడుపులోంచి చీటీ వచ్చేసి ఉంటుంది, దాని మీద టైము, వరుస నంబరు, అంకె. అచ్చయిన అంకెను నేను కూడా వెనక్కి తీసుకోలేను.

అట్లని నా చేతిలో అన్నీ ఉన్నాయనుకోకండి. ఊదించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకో, రవాణా శాఖ అధికారికో ఉంటుంది. అదీ తాగాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటేనే అని 203వ సెక్షన్ అంటుంది. రాత్రిపూట బారికేడ్లు అడ్డంపెట్టి వచ్చిన ప్రతివాడి చేతా ఊదించడం ఆ మాటకు ఎంత దూరమో నాకు తెలుసు, ఎస్సై గారికీ తెలుసు. ఊదనని మొండికేస్తే? ఆ మొండితనం కోర్టులో అతనికి వ్యతిరేకంగానే పనిచేస్తుందని 205 చెబుతోంది. బండి సంగతి వేరు. తాగినవాడి బండిని గుంజుకోవడానికి పోలీసులకు అధికారం లేదనీ, పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికి అప్పగించాలనీ 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. తుంగభద్ర దాటితే తెలంగాణే కాబట్టి ఆ తీర్పు ఈ ఒడ్డున కూడా అందరి నోళ్ళలో నానింది. కొందరు నా ముందే దాన్ని వల్లిస్తారు, నాలుక మడతపడుతున్నా సరే!

కెమెరాలు నాకు దాయాదులు. 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ అనే నిబంధన తెచ్చి, పది లక్షల జనాభా దాటిన నగరాలంటూ 132 పేర్లు ప్రకటించింది. మన రాష్ట్రంలో 13, అందులో కర్నూలు, కడప కూడా. ఈ రెండు ఊళ్ళలో పది లక్షల మంది ఎక్కడున్నారని నన్నడగొద్దు. కెమెరా ఉన్నచోట ముందే బోర్డు పెట్టాలి, పదిహేను రోజుల్లో నోటీసు పంపాలి. వాటిది దూరం నుంచి చూసే ఉద్యోగం. తాగినవాడు సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగితే కెమెరాకు వాడు పెద్దమనిషే.

ఇక చెప్పక తప్పనిది ఒకటుంది. 2025 అక్టోబర్ 24, తెల్లవారుజాము. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు స్లీపర్ బస్సు మా కర్నూలు పక్కనే, చిన్నటేకూరు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి మీద కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు పోయారు. అంతకు కొన్ని నిమిషాల ముందు ఒక బైకు అదుపు తప్పి డివైడర్‌ను కొట్టింది, నడిపిన యువకుడు అక్కడే చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును బస్సు ఈడ్చుకుపోయింది, నిప్పు అంటుకుంది. అతను తూలుతూ బండి తిప్పడం పెట్రోలు బంకు సీసీ కెమెరాలో కనబడింది. తాగి ఉన్నాడని తర్వాత ఫోరెన్సిక్ ల్యాబు తేల్చింది. నేను రోడ్డు మీద చెప్పాల్సిన అంకెను వాళ్ళు శవపరీక్ష తర్వాత చెప్పారు. బస్సు మీద చూస్తే తెలంగాణలో కట్టని చలానాలు 23 వేల రూపాయలకు పైగా ఉన్నాయట. చలానాలు రాసినవాళ్ళు రాస్తూనే ఉన్నారు, బస్సు తిరుగుతూనే ఉంది.

ఆర్టీసీ డిపోల్లో నా తోబుట్టువులు ఉంటారు. డ్రైవరు డ్యూటీ ఎక్కే ముందే ఊదాలి, తేడా వస్తే స్టీరింగు ముట్టనివ్వరు. బైకుకు డిపో ఎక్కడిది? పది వేలు, ఆరు నెలలు అని పుస్తకంలో ఉన్నది ఆ యువకుడికి తెలియక కాదు. ఆ వేళకు, ఆ దారిలో నేను ఉండనని అతనికి బాగా తెలుసు. జరిమానాను ఇంకో పది వేలు పెంచినా ఆ లెక్క మారేది కాదని నా నమ్మకం. మమ్మల్ని ఇంకో నలుగురిని కొని, రెండు గంటలకు, మూడు గంటలకు హైవే మీదికి తోలితే మారొచ్చు. అయితే దానికి మనుషులు కావాలి, నేను ఒంటరిగా నిలబడి బండ్లాపలేను.

ఆ తర్వాత కొన్నాళ్ళు నన్ను బాగానే తిప్పారు. ఒక రాత్రి నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఒక పెద్దాయన దొరికాడు. పెండ్లికి పోయి వస్తున్నాడు, వెనక కొడుకు.

“ముందు నువ్వు ఊదు సామీ, తర్వాత నేను ఊదుతా” అన్నాడు ఎస్సై గారితో.

చట్టం అమలు చేసేవాడే తప్పు చేస్తే జరిమానా రెట్టింపని 210బి సెక్షన్ ఉంది. పెద్దాయనకు అది తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ, ఎస్సై గారు నవ్వి, గొట్టం మార్చి, ఊదారు. సున్నా. ఇంకో గొట్టం పెట్టి పెద్దాయనకిచ్చారు. 84.

“రోంతే తాగినా సామీ.”

“కోర్టులో చెప్పుకో పెద్దాయనా. పది వేల దాకా పడొచ్చు.”

ఆయన చీటీని వీధిదీపం కిందికి పట్టుకుని చూశాడు. ఆ ఏడాది ఉల్లిగడ్డ ధర పడిపోతే సర్కారు క్వింటా 1,200కు కొంటామన్న సంగతి ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలియనివాళ్ళు లేరు.

“అంటే ఎనిమిది క్వింటాళ్ళు దాటి ఉల్లిగడ్డలమ్మాల, ఒక్క ఊపిరికి!” అన్నాడు.

కొడుకు దగ్గర లైసెన్సు ఉంది. వాడి చేతా ఊదించి, నేను సున్నా చూపించాక, తాళం వాడి చేతికిచ్చారు. పెద్దాయన గొణుక్కుంటూ వెనక కూర్చున్నాడు. హెల్మెట్ ఒకటే ఉంది, దానికి ఇంకో వెయ్యి రాశారు.